పని లేని కాలములో ట్రాక్టరు బ్యాటరీకి ఛార్జరు తగిలించు విధము

మృగశిర కార్తెలో తొలివాన పడిన మరునాటి ఉదయము ఏ గ్రామమునకైనను వెళ్లి చూడుడు. నాలుగు ట్రాక్టర్లు దుక్కికి పోవుచుండును. ఒకటి మాత్రము కొట్టములోనే నిలిచియుండును. తాళము త్రిప్పిన 'టక్కు'మను శబ్దము తప్ప ఇంజను కదలదు. నలుగురిని పిలిచి నెట్టించుట, ప్రక్క ట్రాక్టరు బ్యాటరీ నుండి వైర్లు లాగుట, చివరకు పట్టణమునకు మనిషిని పంపుట, ఇవన్నియు జరుగునప్పటికి నేల పదును ఆరిపోవును. నేను పనిచేయుచున్న మండలములో ఒక రైతు ఈ విధముగనే మూడు దినములు పోగొట్టుకొనెను. ఆయనది ఎర్రనేల. మూడవనాటికి పై పదును పోయి, విత్తుటకు మరల వాన కొరకు కాచుకొనవలసి వచ్చెను. బ్యాటరీ చూడగా ఏడాదిన్నర క్రిందట కొన్నదే. "వేసవి అంతా దాని జోలికే పోలేదండీ, అది ఎట్లా చెడిపోయింది?" అని ఆయన నన్ను అడిగెను. చెడిపోవుటకు కారణము ఆయన ప్రశ్నలోనే ఉన్నది.

ఎడ్లకు విశ్రాంతి ఇచ్చిన బలము వచ్చును. బ్యాటరీకి విశ్రాంతి ఇచ్చిన బలము పోవును. 1859 సంవత్సరమున ఫ్రాన్సు దేశస్థుడగు గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసపు బ్యాటరీయే ఎన్నో మార్పులు చెంది నేటికిని మన ట్రాక్టర్లలో పనిచేయుచున్నది. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుండును. ఒక్కొక్క గదిలో సీసపు పలకలు నీరు కలిపిన గంధకికామ్లములో, అనగా సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో, మునిగియుండును. కరెంటు ఖర్చగుకొలది పలకల మీద సీసపు సల్ఫేటు అను తెల్లని పదార్థము ఏర్పడును. వెంటనే ఛార్జి చేసినచో అది మరల కరగి యథాస్థితికి వచ్చును. వారములు, నెలలు అట్లే వదలిన గట్టి పలుకులుగా మారును. గోడ మీద చిందిన సున్నమును తడిగా ఉండగా తుడిచిన పోవును గాని ఎండిన తరువాత గీకినను పోదు కదా. ఇదియు అట్టిదే. గట్టిపడిన మేరకు పలక పనికిరాకుండ పోవును. అటుపిమ్మట ఎంత ఛార్జి చేసినను పూర్వపు బలము రాదు.

వైర్లన్నియు ఊడదీసినను బ్యాటరీ తనలో తాను కొంత కొంత ఖర్చగుచునే యుండును. వేడి సుమారు 10 డిగ్రీల సెంటిగ్రేడు పెరిగినచో ఈ ఖర్చు ఇంచుమించు రెట్టింపగును. మన రేకుల కొట్టములలో ఏప్రిల్, మే నెలలలో ఎంత వేడి యుండునో మీకు చెప్పనక్కరలేదు. దీనికి తోడు, నేటి ట్రాక్టర్లలో చాలవాటికి పాటల పెట్టెలు బిగించుచున్నారు. కట్టివేసినను కొన్ని పాటల పెట్టెలు గడియారము కొరకు, జ్ఞాపకము కొరకు కొంచెము కరెంటు త్రాగుచుండును. అది 20 మిల్లీ ఆంపియర్లే అనుకొందము. 60 దినములలో 29 ఆంపియర్-గంటలు ఖర్చగును. మీ బ్యాటరీ 80 ఆంపియర్-గంటలదైనచో మూడవ వంతుకు మించి పాటలు పాడకయే పోయినట్లు.

వారమునకొకసారి ఇంజను వేసి పది నిమిషములు తిరుగనిచ్చిన చాలునని కొందరి అభిప్రాయము. ఏమియు చేయకుండుట కంటె ఇది మేలే. కాని నెమ్మదిగా తిరుగు ఇంజను మీద పది నిమిషములలో బ్యాటరీ పూర్తిగా నిండదు. చివరి భాగము నిండుటకు గంటలు పట్టును. ఆల్టర్నేటరు లేక డైనమో గల పాత బండ్లలోనైతే, ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు డైనమో దాదాపు ఏమియు ఇయ్యదు. పెండ్లిళ్లకు, పండుగలకు మాత్రమే బయటికి తీయు పాత కార్లు, జీపులు గల వారు కూడ ఈ సంగతి గమనింపవలెను.

ఎట్టి ఛార్జరు కొనవలెను?

ఈ పనికి మెయింటెనెన్సు ఛార్జరు అను చిన్న సాధనము దొరకును. ఒక ఆంపియరు లేక అంతకు తక్కువ కరెంటు ఇచ్చునది చాలును. ఇది మొదట బ్యాటరీని నింపి, తరువాత వోల్టేజిని 13.2 నుండి 13.8 లోపల తగ్గించి నిలుపును. ఖర్చైనంత మాత్రమే తిరిగి పోయుచుండును. కనుక నెలల తరబడి తగిలించియుంచ వచ్చును. అది ఎడతెగక 5 వాట్లు లాగినను నెలకు 3.6 యూనిట్లకు మించదు.

అంగడిలో ట్రాన్స్‌ఫార్మరు మాత్రమే గల చౌక ఛార్జర్లు కూడ ఇదే పేరుతో అమ్ముదురు. బ్యాటరీ నిండినదీ లేనిదీ వానికి తెలియదు. రేయింబవళ్లు అట్లే కరెంటు పంపి, లోని నీటిని విడగొట్టి వాయువుగా పోగొట్టును. బ్యాటరీ నుండి కుళ్లిన గ్రుడ్ల వాసన వచ్చినచో అతిగా ఛార్జి అయినట్లు గ్రహించి, వెంటనే మెయిను స్విచ్చి కట్టివేయవలెను. కొనునప్పుడు ఆటోమేటిక్‌గా తగ్గునా, కరెంటు పోయి వచ్చినపుడు తనంతట తాను మరల ప్రారంభించునా అని రెండు ప్రశ్నలు అడుగుడు. రెండవ ప్రశ్న పట్టణములలో అంత ముఖ్యము కాదేమో గాని మనకు ముఖ్యము. కొన్ని ఛార్జర్లు కరెంటు పోయి వచ్చిన తరువాత మీట నొక్కువరకు ఊరకుండును. దీపము వెలుగుచున్నది కదా అని మనము నిశ్చింతగా ఉందుము. వేడినిబట్టి వోల్టేజిని సవరించుకొను ఛార్జరు దొరికినచో మన వేసవికి అది మరింత తగినది.

పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని లేపుటకు ఇది ఉద్దేశింపబడలేదు. 80 ఆంపియర్-గంటల బ్యాటరీ సగము ఖాళీయైనచో ఒక ఆంపియరుతో నింపుటకు రెండు దినములకు పైగా పట్టును. కనుక ముందుగా పెద్ద ఛార్జరుతో నింపించి, తరువాత దీనిని తగిలించుట మంచిది. బ్యాటరీ ఎంత నిండియున్నదో కొన్ని వందల రూపాయల మల్టీమీటరుతో తెలియును. రాత్రియంతయు ఊరక ఉంచి ఉదయము చూడవలెను. 12.6 వోల్టులు లేక ఆపైన ఉన్నచో నిండినట్లు. 12.4 ముప్పాతిక, 12.2 సగము, 12.0 పావు. 12.4 కంటె క్రిందికి దిగనీయరాదని గుర్తుంచుకొన్న చాలును.

తగిలించు క్రమము

ఇక అసలు పని. ఇది అయిదు నిమిషములది. కాని వరుస తప్పరాదు. ఛార్జి అగు బ్యాటరీ నుండి హైడ్రోజను వాయువు వెలువడును. గాలిలో ఇది నూటికి నాలుగు పాళ్లున్నను ఒక నిప్పురవ్వకు ప్రేలును. బ్యాటరీ పగిలిన లోని యాసిడ్ ముఖము మీద పడును. కనుక కొట్టము తలుపులు తెరచి, బీడీ, చుట్ట బయట పారవేసి పనికి దిగవలెను. చేతి ఉంగరము, కడియము తీయవలెను. కండ్లకు అద్దములుండిన మంచిది.

మొదట ఏ కొన ఛాసిస్‌కు కలిసియున్నదో చూడవలెను. నేటి ట్రాక్టర్లలో నెగటివ్ కొన నుండి లావు కేబులు ఛాసిస్‌కు, పాజిటివ్ కొన నుండి సెల్ఫ్ మోటారునకు పోవును. వైరు రంగును నమ్మరాదు. ఒక గ్రామములో నెగటివ్ కేబులు పాడుకాగా మెకానిక్కు చేతికందిన ఎర్ర కేబులు వేసి పోయెను. నేను రంగు చూచి ఎర్ర క్లిప్పు దానికే పట్టబోతిని. ప్రక్కనున్న కుర్రవాడు "అయ్యా, ఇక్కడ మైనస్ గుర్తు ఉంది" అనకపోయిన ఛార్జరు పాడై, పరువు కూడ పోయెడిది. బ్యాటరీ మీద అచ్చుపడిన కూడిక, తీసివేత గుర్తులనే చూడవలెను. గుర్తులు చెరిగిపోయినచో, రెండు కొనలలో కొంచెము లావుగా నుండునది పాజిటివ్. మీటరుతో కూడ సరిచూచుకొన వచ్చును.

ఛార్జరు ప్లగ్గు గోడనుండి తీసియుండగనే ఎర్ర క్లిప్పును పాజిటివ్ కొనకు గట్టిగా పట్టవలెను. తరువాత నల్ల క్లిప్పును బ్యాటరీ నెగటివ్ కొనకు కాక, ఛాసిస్ మీద గాని ఇంజను మీద గాని రంగులేని ఒక గట్టి బోల్టుకు పట్టవలెను. అది బ్యాటరీకి, డీజిలు గొట్టములకు దూరముగా నుండవలెను. ప్లగ్గు పెట్టకపోయినను చివరి క్లిప్పు తగిలినపుడు చిన్న నిప్పురవ్వ లేచుట కలదు. ఆ రవ్వ వాయువు వచ్చుచోట లేవకుండ చేయుటకే ఈ ఏర్పాటు. రంగు మీద పట్టిన కరెంటు పారదు. అటుపిమ్మటనే ప్లగ్గు పెట్టి స్విచ్చి వేయవలెను. తీయునప్పుడు సరిగా దీనికి తలక్రిందులు. స్విచ్చి కట్టి, ప్లగ్గు తీసి, ఛాసిస్ క్లిప్పు తీసి, చివరకు పాజిటివ్ క్లిప్పు తీయవలెను.

నెలల తరబడి ఉంచుటకు క్లిప్పుల కంటె కంటి టెర్మినళ్లు గల వైరు మేలు. దీనిని బ్యాటరీ కొనల బోల్టుల క్రింద ఒకసారి బిగించి వదలిన, తరువాత ప్లగ్గు కలిపిన చాలును. బ్యాటరీ దగ్గరనే ఆ వైరునకు ఫ్యూజు ఉండి తీరవలెను. లేనిచో ఎలుక కొరికిన వైరు ఛాసిస్‌కు తగిలి ఎర్రగా కాలును. గడ్డివాము ప్రక్కనే ట్రాక్టరు నిలుపు అలవాటు మనలో చాలమందికి కలదు.

గోడ ప్లగ్గు మూడు కాళ్లది, ఎర్తు ఉన్నది కావలెను. పంపుసెట్టు స్టార్టరు నుండి ఒక ఫేజు లాగి ఛార్జరునకు ఇచ్చుట ఎంతమాత్రము పనికిరాదు.

పాత బండ్ల సంగతి

పాత విదేశీ ట్రాక్టర్లు, కార్లు కొన్ని ఇందుకు విరుద్ధముగా నుండును. అమెరికాలో 1947 నుండి 1952 వరకు తయారైన ఫోర్డు 8ఎన్ ట్రాక్టరు 6 వోల్టుల బ్యాటరీతో, పాజిటివ్ కొన ఛాసిస్‌కు కలుపబడి వచ్చెను. 1960 ప్రాంతముల వరకు బ్రిటిషు బండ్లు చాలవరకు పాజిటివ్ ఎర్తువే. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపు 6 వోల్టులదైనను నెగటివ్ ఎర్తుది. తరువాత చేతులు మారినపుడు ఎవరెవరు ఏమి మార్చిరో పుస్తకము చెప్పదు. కేబులు వెంబడి కంటితో పోయి చూడవలసినదే. పాజిటివ్ ఛాసిస్‌కు ఉన్నచో నల్ల క్లిప్పును ముందుగా నెగటివ్ కొనకు, తరువాత ఎర్ర క్లిప్పును ఛాసిస్‌కు పట్టవలెను. 6 వోల్టుల బ్యాటరీకి 12 వోల్టుల ఛార్జరు పెట్టిన అది ఉడికి చెడిపోవును.

నీరు, శుభ్రత

మూతలు గల బ్యాటరీలో పలకలు పైకి తేలియున్నచో, ఛార్జికి ముందు పలకలు మునుగునంత వరకే డిస్టిల్డు వాటరు పోయవలెను. నిండిన తరువాత గుర్తు వరకు పోయవచ్చును. ముందే నిండుగా పోసిన ఛార్జిలో పొంగి యాసిడ్ బయటికి వచ్చును. బోరునీటిలోని లవణములు, ఇనుము పలకలను చెరచును. త్రాగుటకు తెచ్చు ఆర్వో నీరు కూడ డిస్టిల్డు వాటరు కాదు. యాసిడ్ ఎన్నడును పోయరాదు. తగ్గునది నీరే గాని యాసిడ్ కాదు.

కొనల మీద పూసిన తెల్లని, పచ్చని బూజును వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరిన తరువాత వాజిలైను రాయవలెను. మూతలు గట్టిగా మూసియుంచవలెను. సోడానీరు లోపల పడరాదు. యాసిడ్ చర్మము మీద పడినచో ధారాళముగా నీటితో కడుగవలెను. కంటిలో పడినచో పదిహేను నిమిషములు నీటితో కడుగుచు, ఆలస్యము లేక వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.

కొట్టములో కరెంటు లేనివారు బ్యాటరీని ఇంటికి తెచ్చి ఛార్జరు తగిలింపవచ్చును. విప్పునపుడు ఛాసిస్‌కు పోవు కేబులు ముందు, బిగించునపుడు అదియే చివర. ఈ వరుస తప్పిన పానా ఒక కొన పాజిటివ్‌కు, ఒక కొన ఛాసిస్‌కు తగిలి వెల్డింగువలె మండును. బ్యాటరీని సిమెంటు నేల మీద పెట్టరాదని పెద్దలందురు. నేటి ప్లాస్టిక్ పెట్టె గల బ్యాటరీలకు అట్టి భయము లేదు. అయినను పలక మీద పెట్టుట వలన నష్టమును లేదు. పొలములోనే కొట్టము గలవారికి 10 వాట్ల సౌరపలక, దానికి తగిన కంట్రోలరుతో, మంచి ఎండలో అర ఆంపియరు వరకు ఇచ్చును. కంట్రోలరు లేకుండ నేరుగా తగిలింపరాదు.

గ్రామ సంఘముల ఉమ్మడి ట్రాక్టర్ల విషయములో గ్రామాధికారులు ఈ పని ఒకరి పేరున వ్రాసి ఒప్పగించవలెను. అందరిదైన బ్యాటరీని ఎవరును చూడరు. పదిహేను దినములకొకసారి వోల్టేజి, నెలకొకసారి నీరు చూచి, తేదీతో కొట్టము గోడ మీద వ్రాసిన చాలును.

మరియొక చిన్న సంగతి. పదును పడిన తొందరలో ఛార్జరు వైరు తగిలియున్నదని మరచి ట్రాక్టరును ముందుకు తోలుట జరుగును. మొదట చెప్పిన రైతు ఇప్పుడు ట్రాక్టరు తాళపుచెవిని ఛార్జరు ప్లగ్గు ప్రక్కనే మేకుకు తగిలించుచున్నారు. చెవి తీయబోవు చేతికి ప్లగ్గు అడ్డు వచ్చును. గత మృగశిరలో ఆయన ట్రాక్టరు మొదటి త్రిప్పుకే లేచెను.