ఫిర్యాదు కొట్టేశారా? ముందు తేదీ చూడండి

ఇంజినీరింగ్‌లో నా బెంచ్‌మేట్ ఒకడున్నాడు. ఒక చెవి పూర్తిగా వినిపించదు, రెండోది సగమే. దివ్యాంగుల కోటాలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకున్నాడు. రెండేళ్ల తర్వాత ఒక ట్రైనింగ్‌కి వాడి బ్యాచ్‌లో అందరి పేర్లూ వెళ్లాయి, వాడిది తప్ప. అడిగితే ‘అక్కడంతా ఫోన్ల మీద పని, నీకెందుకయ్యా ఇబ్బంది’ అన్నారు. ఆ ట్రైనింగ్ లేకపోతే ఆ సెక్షన్‌లో పోస్టింగ్ రాదు. రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాడు. నెలన్నరకి జవాబొచ్చింది. రెండే లైన్లు: ఫిర్యాదు పరిశీలించడమైనది, తగిన ఆధారాలు లేనందున ముగించడమైనది.

ఆ తర్వాత వాడు చేసింది మనలో చాలామంది చేసేదే. ‘దయచేసి పునఃపరిశీలించగలరు’ అని ఇంకో అర్జీ పెట్టాడు. జవాబు లేదు. రెండు నెలలాగి రిమైండర్, మళ్లీ రిమైండర్. చివరికి ఇద్దరం కలిసి ఒక లాయరు గారి దగ్గరికి వెళ్లాం. ఆయన ఫైలు తెరవకుండానే ‘ముందు ఇది చెప్పు బాబూ, ఆ రెండు లైన్ల కాగితం మీద తేదీ ఎంత?’ అని అడిగారు. లెక్కేస్తే పదకొండు నెలలు దాటింది. ‘ఇంకో నెల ఆగి వచ్చుంటే కేసు కంటే ముందు ఆలస్యానికి సంజాయిషీ రాసుకోవాల్సి వచ్చేది’ అన్నారు.

కొత్తగా సర్కారీ కొలువులో చేరుతున్నవాళ్లకి ఈ విషయం ఏ కోచింగ్ సెంటర్లోనూ చెప్పరు. ఫిర్యాదు కొట్టేయడంతో కథ అయిపోదు. కానీ అదే రోజు గడియారం మొదలవుతుంది.

రిమైండర్లతో గడువు పెరగదు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసు వివాదాలు వినేది కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్. అందరూ ‘క్యాట్’ అంటారు. 1985 నాటి చట్టంతో ఏర్పడింది. హైదరాబాద్‌లోనూ బెంచ్ ఉంది. అక్కడికి వెళ్లే ముందు ఆఫీసులో ఉన్న దారులన్నీ వాడుకోవాలి. సర్వీసు నిబంధనల్లో పై అధికారికి అప్పీలు చేసుకునే వీలుంటే ముందు అది చేయాలి.

దానిపై తుది ఉత్తర్వు వస్తే, ఆ తేదీ నుంచి ఏడాదిలోపు ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. అసలు జవాబే రాకపోతే? అప్పీలు పెట్టిన రోజు నుంచి ఆరు నెలలు చూడాలి. అవి పూర్తయ్యాక ఏడాది గడువు మొదలవుతుంది. ఆలస్యానికి బలమైన కారణం చూపిస్తే ట్రిబ్యునల్ మన్నించవచ్చు. అయితే అది దాని విచక్షణ, మన హక్కు కాదు.

చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. నిబంధనల్లో లేని అర్జీలు ఎన్నిసార్లు పెట్టినా గడువు పెరగదని సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 1989లోనే తేల్చేసింది. ‘పెద్దసారు చూస్తానన్నారు’ అన్న మాట కూడా లెక్కలోకి రాదు.

ఎర్రర్ మెసేజ్ చదవండి

ప్రోగ్రామింగ్ నేర్చుకునే కొత్తలో మనందరం చేసే తప్పు ఒకటుంది. ఎర్రర్ ఏం చెబుతోందో చదవకుండా అదే కోడ్‌ని మళ్లీ మళ్లీ రన్ చేస్తాం. పాత ఫిర్యాదునే కొత్త తేదీతో పంపడం అలాంటిదే. కొట్టేసిన కాగితంలో ఎందుకు కొట్టేశారో ఉంటుంది. అప్పీలు ఆ కారణానికి జవాబు కావాలి. మన బాధంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవడం కాదు.

కారణాలు సాధారణంగా మూడు రకాలు.

ఒకటి, ‘ఆలస్యంగా పెట్టారు’, ‘ఇది మా పరిధిలోకి రాదు’ లాంటివి. వీటికి తేదీలు, రసీదులు, సరైన నిబంధన నంబరు చూపించాలి.

రెండు, ‘ఆధారాలు లేవు’. అప్పుడు అడగాల్సింది: అసలు విచారణ జరిగిందా? సాక్షులుగా నేను చెప్పినవాళ్లను పిలిచారా? నా మాట విన్నారా? వీటికి జవాబు ‘లేదు’ అయితే మీ అప్పీలుకి అదే ప్రధాన పాయింటు.

మూడు, ‘రూలు ఒప్పుకోదు’. ఈ మాట వినగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గని ఒకామె కథ చూడండి.

చండీగఢ్ పీజీఐలో ఆమె నర్సింగ్ ఆఫీసర్. భర్తకి మొదటి పెళ్లి ద్వారా ఇద్దరు పిల్లలు. వాళ్ల కోసం ఆమె అంతకుముందు చైల్డ్ కేర్ లీవు వాడుకున్నారు. 2019లో ఆమె తన మొదటి బిడ్డను కన్నారు. ప్రసూతి సెలవు అడిగితే, ఇప్పటికే ఇద్దరు పిల్లలున్నట్టు లెక్క కాబట్టి రూలు ప్రకారం కుదరదన్నారు. 2021 జనవరిలో క్యాట్ కొట్టేసింది. మార్చిలో హైకోర్టు కూడా కొట్టేసింది. 2022 ఆగస్టు 16న సుప్రీంకోర్టు ఆమెకు సెలవు ఇవ్వాల్సిందేనంది. ఆ సెలవు పెట్టిందే మహిళలు ఉద్యోగాల్లో నిలబడటానికి కాబట్టి, రూలును ఆ ఉద్దేశంతోనే చదవాలని చెప్పింది. ఆఫీసుతో కలిపి మూడు చోట్ల ‘కాదు’ అనిపించుకుని నాలుగో చోట గెలిచారామె. ప్రతిసారీ గడువు దాటకుండా వెళ్లబట్టే ఆ నాలుగో తలుపు తట్టగలిగారు.

రెండు లైన్ల జవాబూ పనికొస్తుంది

కారణమే రాయకుండా కొట్టేస్తే? అది కూడా అప్పీలుకి ఒక పాయింటే. 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇది: ఒక ఉత్తర్వు సరైనదా కాదా అన్నది అందులో రాసిన కారణాలను బట్టే చూడాలి. కోర్టుకొచ్చాక అఫిడవిట్ వేసి కొత్త కారణాలు అతికించుకుంటామంటే కుదరదు. అందుకే ఆ చిన్న కాగితాన్ని చింపి పారేయకండి. కవరుతో సహా దాచండి.

దాని వెనకున్న ఫైలు కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. కేంద్ర ఆఫీసులకైతే ఫీజు 10 రూపాయలు, జవాబుకి 30 రోజులు. మీ ఫిర్యాదు మీద ఎవరు ఏం నోట్ రాశారో, ఏ మార్గదర్శకాలు పాటించారో అడగండి. తోటి ఉద్యోగుల వ్యక్తిగత వివరాలు అడిగితే కాదంటారు. ఎంపికకు పెట్టుకున్న ప్రమాణాలు, ఎంతమందిని పంపారన్న అంకెలు అడగొచ్చు. వివక్ష కేసుకి ప్రాణం పోలికే. నాలాంటి అర్హతే ఉన్నవాళ్లకు ఇచ్చి, నాకు ఇవ్వలేదని చూపించగలగాలి.

ఏ గడప తొక్కాలి?

వైకల్యం కారణంగా వివక్ష ఎదురైతే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారించాలి. ఆయన తీసుకున్న చర్యతో తృప్తి లేకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు.

లైంగిక వేధింపుల ఫిర్యాదును అంతర్గత కమిటీ తోసిపుచ్చితే అప్పీలు గడువు 90 రోజులే. 2013 చట్టంలోనే ఆ మాట ఉంది. ఏడాది ఉందనుకుని కూర్చుంటే నష్టపోతారు.

కులవివక్ష అయితే జాతీయ ఎస్సీ, ఎస్టీ కమిషన్లు ఆఫీసు రికార్డులు తెప్పించుకోగలవు, అధికారులను పిలిపించగలవు. కానీ కోర్టులా స్టే ఇచ్చే అధికారం వాటికి లేదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. కమిషన్‌కి రాశాం కదా అని క్యాట్ గడువు తనంతట తాను ఆగదు. రెండూ పక్కపక్కన నడిపించుకోవాల్సిందే.

క్యాట్‌లో దరఖాస్తు ఫీజు 50 రూపాయలు. లాయరుని పెట్టుకోవచ్చు, మీరే వాదించుకోవచ్చు. అక్కడా ఓడితే హైకోర్టు డివిజన్ బెంచ్, ఆపైన సుప్రీంకోర్టు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ఉద్యోగులకు ఇప్పుడు విడిగా ట్రిబ్యునల్ లేదు. నేరుగా హైకోర్టులో రిట్ వేయాలి.

ఫోన్‌లో ఉన్నదంతా సాక్ష్యం కాదు

ఇది నా సబ్జెక్టు కాబట్టి గట్టిగా చెబుతున్నా. స్క్రీన్‌షాట్ తీసి అసలు చాట్ డిలీట్ చేయకండి. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. అసలు ఫైలూ, అది ఉన్న ఫోనూ భద్రంగా ఉంటేనే ఆ పని సులువు. మెయిల్‌ని ఫార్వర్డ్ చేసి సరిపెట్టుకోకుండా పూర్తి హెడర్లతో సేవ్ చేయండి. ఆఫీసు రహస్య పత్రాలు మాత్రం సొంత మెయిల్‌కి పంపుకోవద్దు. ప్రవర్తనా నియమావళి కింద ఎదురు కేసు మీ మీదే పడుతుంది. కోపంలో సోషల్ మీడియాలో పెట్టే పోస్టు సంగతీ అంతే.

నోటిమాటగా అన్నవాటిని అదే రోజు మెయిల్‌గా మార్చుకోండి. ‘ఈ రోజు ఉదయం మీరు ఫలానా కారణంతో నా పేరు పంపడం లేదన్నారు, దయచేసి ధ్రువీకరించగలరు’ అని మర్యాదగా నాలుగు వాక్యాలు చాలు. వాళ్లు జవాబివ్వకపోయినా ఆ తేదీ మీ దగ్గర ఉంటుంది.

మా వాడు ఆ వారాల్లో చేసింది ఇదే. ట్రైనింగ్‌కి వెళ్లినవాళ్ల సంఖ్య, ఎంపిక మార్గదర్శకాలు తెప్పించుకున్నాడు. ఫోన్ పని చేయగలగాలన్న షరతు వాటిలో ఎక్కడా లేదు. గడువుకి నాలుగు రోజుల ముందు దరఖాస్తు పడింది. కేసు ఇంకా నడుస్తోంది. గెలుస్తాడో లేదో నేను చెప్పలేను. కానీ మొన్న వాళ్ల ఆఫీసుకి కొత్తగా చేరిన అమ్మాయి ఏదో ఫిర్యాదు గురించి సలహా అడిగితే, వీడు మొదట అడిగింది ఒకటేనట: ‘జవాబొచ్చిందా అమ్మా? దాని మీద తేదీ ఎంత?’