పడవ శుద్ధి

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన పిమ్మట గోదావరి డెల్టా కాలువలలో ధాన్యాన్నీ, మనుష్యులనూ చిరకాలం చేరవేసినవి కొయ్య పడవలే. ఆదరణ లేక ఒడ్డున పడి ఉన్న కొయ్య పడవకు ప్రధాన శత్రువు తేమ. కొయ్యలో తేమ నూటికి సుమారు 20 పాళ్లు మించినచో శిలీంధ్రాలు విజృంభిస్తాయి. వీటిలో బూజు పైపైన మచ్చలు కలిగిస్తుంది. కుళ్లును కలిగించే శిలీంధ్రం కొయ్య బలాన్నే హరిస్తుంది.

పొడి బూజును దులిపితే దాని సిద్ధబీజాలు గాలిలో కలిసి శ్వాసకోశాలకు హాని చేస్తాయి. కనుక శుభ్రపరచేవారు ముక్కుకు గుడ్డ కట్టుకొని, మొదట పడవను నీటితో తడపాలి. పిదప సబ్బునీటిలో ముంచిన కొబ్బరిపీచుతో రుద్ది కడగాలి. మండుటెండలో పలకలు బీటలు వారుతాయి గనుక గాలి వీచే నీడలో ఆరబెట్టాలి.

ఆరిన పలకలను, ముఖ్యంగా అతుకుల వద్ద, కత్తిమొనతో గుచ్చి చూడాలి. మొన సులభంగా దిగినచో ఆ పలక కుళ్లినట్లే. దానిని మార్చకుండా రంగు పూయడం నడియేటిలో ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే. మురికి తొలగితేనే దాగిన లోపం కంటబడుతుంది. పడవ ఎక్కేవారు పలకలను పరీక్షించరు, సరంగును నమ్ముతారు. ఆ నమ్మకాన్ని కాపాడడమే పడవ శుద్ధికి పరమార్థం.