మిద్దె ఉరుస్తోందా? ముందు దూలం చూడండి

వాన పడిన మరునాడు తడిసిన నోటుపుస్తకాలతో బడికొచ్చే పిల్లలను చూసి ఇది రాస్తున్నాను. మన బళ్లారి పల్లెల్లో మట్టి మిద్దె ఉరిస్తే పైన ఇంకో పొర చవుడు పోసేస్తాం. చవుడు నీళ్లను ఆపుతుంది, నిజమే. కానీ పాతది తీయకుండా ఏటేటా పోస్తే బరువు పెరుగుతుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. ఆ బరువంతా మోసేది దూలాలే కదా!

గోడలోకి దిగిన దూలం చివరను ఇనుప చువ్వతో గుచ్చి చూడండి. గట్టిగా ఉంటే మరమ్మతు చాలు: పాత మట్టి తీసి, వాలు సరిచేసి, కొత్త చవుడు పోయండి. చువ్వ మెత్తగా దిగినా, చెద పట్టినా, దూలం వంగినా కప్పు మార్చాల్సిందే. సిమెంటు మిద్దెకు పెచ్చులూడి తుప్పు కమ్మీలు కనబడితే ఇంజనీరుకు చూపించండి.

డబ్బు కుదిరేదాకా పిల్లల్ని ఆ దూలం కింద పడుకోబెట్టొద్దు. వేరే చోటు లేకపోతే నాకు చెప్పండి, బడి గది తెరిపిస్తాను.