కొండదారిలో సైకిలు

విశాఖపట్నం సముద్రం ఒడ్డున ఉంది. అరకు లోయ సముద్రం కంటే 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు వస్తుంది. ఆ దారిన సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళంతా పందేలకు వెళ్ళేవాళ్ళు కారు, మామూలు మనుషులే.

ఘాట్ రోడ్డు మెలికలు తిరుగుతూ పోతుంది. నిటారుగా వేస్తే బండ్లు ఎక్కలేవు. మెలికలు వేస్తే దూరం పెరుగుతుంది, వాలు తగ్గుతుంది. నీళ్ళబిందెతో ఏటిగట్టు ఎక్కే మనిషి అడ్డంగా నడిచేది కూడా ఇందుకే.

మామూలు సైకిలుకు పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం రెండు చుట్లకు పైగా తిరుగుతుంది. చదును నేల మీద ఇది లాభం. ఎత్తు ఎక్కేటప్పుడు ఇదే బరువు. గేర్ల సైకిలుకైతే గొలుసును వెనకున్న పెద్ద పళ్ళచక్రం మీదికి మార్చవచ్చు. బండి మెల్లగా పోతుంది, కాలికి బరువు తగ్గుతుంది. గేర్లు లేవా? దిగి నెట్టుకుంటూ పోవచ్చు. అందులో నామోషీ ఏముంది! పక్కవాళ్ళతో మాట్లాడుతూ తొక్కగలిగితే ఆ వేగం చాలు.

అసలు భయం దిగేటప్పుడే. బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచితే రబ్బర్లు, రిమ్ము వేడెక్కుతాయి. వానకు తడిస్తే బ్రేకు సరిగా పట్టదు. అందుకే రెండు బ్రేకులూ నొక్కుతూ, వదులుతూ దిగాలి. మలుపు రాకముందే వేగం తగ్గించాలి. మలుపులో గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది. చీర అంచు, చున్నీ గొలుసులో పడకుండా చెక్కుకోవాలి. బ్రేకు రబ్బర్లు అరిగాయేమో పైనే చూసుకోవాలి. అరిగితే సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ దిగడమే మేలు.