మోటారు సైకిలు చక్రమును ఇంటివద్ద విప్పుకొనుట

రాజోలు ప్రాంతపు రైతునకు నేడు మోటారు సైకిలు విలాసవస్తువు కాదు. తెల్లవాఱుజామున పాలక్యాను, మధ్యాహ్నము పచ్చగడ్డి మోపు, దింపు తీసిననాడు కొబ్బరికాయల బస్తా, ఇవన్నియు దానిమీదనే పోవుచున్నవి. ఒకప్పుడు ఎడ్లబండియు, కాలువలోని పడవయు చేసిన పనిలో మంచి భాగము ఈ రెండు చక్రములపై పడినది. ఎద్దు గిట్టకు నాడా వేయించుటలో అశ్రద్ధ చేయని రైతు, బండి టైరు అరిగి నున్నబడిన సంగతిని మాత్రము చాలకాలము గమనింపడు. వానకాలమున కాలువగట్టు మీద బండి జాఱినప్పుడే అది తెలియవచ్చును.

టైరు మార్పించుటకు బండి నంతను కొట్టునకు నడిపించుకొని పోవలసిన పనిలేదు. చక్రమును ఇంటివద్దనే విప్పి, దానిని మాత్రము పంపినయెడల చాలును. ఇందువలన లాభములు రెండు. మొదటిది, పంచరుపడిన బండిని గాలిలేని టైరుపై మైళ్ళకొలది నడిపి రిమ్మును, ట్యూబును పాడుచేసికొనకుండుట. రెండవది, చక్రము చేతిలో నున్నప్పుడు బ్రేకు, బేరింగులు, చైను ఎట్లున్నవో మన కన్నులతో చూచుకొనుట. కాని ఈ పనిలో విప్పుట సులభము. తిరిగి బిగించుటయే ప్రాణముతో కూడినది.

మా యనుభవమునే చెప్పుదుము. మేము తొలిసారి వెనుక చక్రమును విప్పి బిగించినప్పుడు, బ్రేకుపలకను చట్రమునకు కట్టియుంచు చిన్న యినుపపట్టీకి నట్టు పెట్టితిమి గాని, దానికి స్ప్లిట్ పిన్ను పెట్ట మఱచితిమి. కొన్ని దినములకు నట్టు ఎక్కడనో రాలిపోయినది. కాయల బస్తాతో గట్టుమీద వచ్చుచు బ్రేకు నొక్కగనే బ్రేకుపలక చక్రముతోపాటు తిరిగెను, బ్రేకు కడ్డీ వంగెను, చక్రము బిగిసిపోయెను. బస్తా కాలువలో పడినది, మేము గట్టున పడితిమి. ఆ తప్పు ఇంకెవ్వరిదియు కాదు, మాదే. ఎడ్లబండికి కడచీల యెట్టిదో, ఈ బండికి ఆ చిన్న పిన్ను అట్టిది.

కావలసిన సామగ్రి

ఇరుసు నట్టునకు సరిపోవు రింగుపానాలు రెండు, చిన్న పానాల జత, శ్రావణము, చెక్కసుత్తి, గ్రీజు, పాతగుడ్డ, కొత్త స్ప్లిట్ పిన్నులు. కొలత సరిపడని పానాతో నట్టు మూలలను అరగదీసినచో తరువాత ఏ పానాయు పట్టదు. బండితో వచ్చిన పుస్తకము దగ్గఱ నుంచుకొనవలెను. మేము చెప్పునది సామాన్యముగా డ్రమ్ము బ్రేకు, చైను గల చిన్న బండ్లకు వర్తించును. తేడా యున్నచోట పుస్తకమే ప్రమాణము.

మన నేల మెత్తనిది. స్టాండు క్రింద మందపు పలక వేయనియెడల అది దిగబడి బండి ఒరుగును. ఇంజను ఆపి, తాళము తీసి, గేరు న్యూట్రలులో నుంచి, సైలెన్సరు చల్లాఱువఱకు ఆగవలెను. నడిమి స్టాండు లేని బండిని ప్రక్క స్టాండుపై నిలిపి చక్రము తీయరాదు. గట్టి ఆధారము నొకదానిని అమర్చుకొనవలెను.

వెనుక చక్రము

ఇరుసు నట్టు మిక్కిలి బిగువుగా నుండును. గావున రెండు చక్రములును నేలపై నుండగనే దానిని కొంచెము వదులుచేసి, తరువాత బండిని నడిమి స్టాండుపై నెక్కింపవలెను.

మొదట బ్రేకు కడ్డీ చివరనున్న నట్టును తీసి, కడ్డీని వెలికి లాగి, అందలి స్ప్రింగును, చిన్న దిమ్మను మరల కడ్డీకే తొడిగి యుంచవలెను. పిమ్మట పైని చెప్పిన యినుపపట్టీ పిన్నును, నట్టును, బోల్టును తీయవలెను. చైను బిగువును సరిచేయు మరలవద్ద రెండు వైపులను గీతలుండును. ఇరువైపుల ఏ గీతవద్ద నున్నదో వ్రాసికొని వానిని వదులు చేయవలెను. నేడు ప్రతివాని చేతిలోను ఫోను గలదు; ప్రతి మెట్టునను ఒక ఫోటో తీసికొన్నచో జ్ఞాపకశక్తిని నమ్మ నక్కఱలేదు.

ఇప్పుడు ఇరుసు నట్టును పూర్తిగా తీసి, ఇరుసును చెక్కసుత్తితో మెల్లగా తట్టి వెలికి లాగవలెను. ఇనుపసుత్తితో కొట్టినచో మర చెడును. ఇరుసు వచ్చునప్పుడు బుష్షులు, వాషర్లు రాలును. ఏది ఏ వైపుదో ఆ వరుసలోనే గుడ్డపై పేర్చవలెను. ఒక్క బుష్షు తాఱుమాఱైనను చక్రము వంకరగా నిలుచును. కొన్ని బండ్లలో పళ్ళచక్రమును, చైనును బండికే యుండిపోయి చక్రము మాత్రము ప్రక్కకు వచ్చును. తక్కిన వానిలో చక్రమును ముందునకు త్రోసి, చైనును పళ్ళపైనుండి తప్పింపవలెను. చక్రము మడ్గార్డుకు తగులుచున్నయెడల, మఱొకరు పట్టుకొనగా బండిని ఒకింత ప్రక్కకు వంచి తీయవచ్చును. ఒంటరిగా నీ పని చేయరాదు.

ముందు చక్రము

నడిమి స్టాండు వేసిన పిమ్మట ఇంజను క్రింద చెక్కదిమ్మ నుంచి ముందుభాగమును లేపవలెను. దిమ్మ సైలెన్సరు గొట్టమునకు తగులరాదు. వేగమును చూపు ముల్లుకు పోవు తీగను, బ్రేకు తీగను విడదీసి, ఇరుసును లాగినచో చక్రము దిగును. డిస్కు బ్రేకు గల బండియైనచో, చక్రము తీసియున్నంతసేపు బ్రేకు పిడిని నొక్కరాదు. నొక్కినచో ప్యాడ్లు దగ్గఱపడి చక్రము తిరిగి దూఱదు. డిస్కునకు గ్రీజు అంటరాదు.

చక్రము చేతిలో నున్నప్పుడు

బేరింగులో వ్రేలు పెట్టి త్రిప్పి చూడవలెను. గరగరలాడినను, పట్టినను అది మార్చదగినది. బ్రేకు ధూళిని ఊదరాదు. అది ఊపిరితిత్తులకు చెఱుపు. తడిగుడ్డతో తుడువవలెను. అంతర్వేది, సఖినేటిపల్లి ప్రాంతముల సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పుపట్టును. ఇరుసును శుభ్రపఱచి, పలుచగా గ్రీజు పూయనియెడల అది మఱుసటిసారి హబ్బులోనే పట్టుకొని కదలదు.

టైరును గుఱించి

1888 లో జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండికి గాలిటైరు నమర్చెను. అప్పటినుండి బరువును మోయునది రబ్బరు కాదు, దానిలోని గాలియే. రబ్బరు ఆ గాలిని కాపాడి, నేలను పట్టుకొనును. టైరు గాళ్ళలో చిన్న కట్టలుండును; అరిగిన రబ్బరు ఆ కట్టలతో సమమైనప్పుడు టైరు మార్చవలసినదే.

టైరు ప్రక్కను 80/100-18 అని యున్నచో, వెడల్పు 80 మిల్లీమీటర్లనియు, ఎత్తు ఆ వెడల్పులో నూటికి నూఱనియు, రిమ్ము 18 అంగుళములనియు అర్థము. నాలుగంకెల గుర్తు మఱొకటి యుండును. 2324 అనగా 2024 వ సంవత్సరపు 23 వ వారమున తయారైనది. కొనునప్పుడు దీనిని చూడవలెను. క్రొత్త టైరులో క్రొత్త ట్యూబునే వేయవలెను. టైరుపై బాణపుగుర్తు ఉన్నచో, అది చక్రము ముందునకు తిరుగు దిక్కునే చూపవలెను.

టైరును ఇంటనే ఎక్కింపదలచినవారు ఒక కిటుకు నెఱుగవలెను. రిమ్ము నడుమ పల్లముండును. టైరు అంచును ఒకవైపున ఆ పల్లములోనికి కాలితో నొక్కినచో, ఎదుటివైపున వదులు దొరకును. బలముతో పనిలేదు. సబ్బునీరు రాయవచ్చును, కిరసనాయిలు, నూనె రాయరాదు, రబ్బరు చెడును.

తిరిగి బిగించుట

విప్పిన వరుసకు వ్యతిరేకముగా బిగింపవలెను. ముందు చక్రమున బ్రేకుపలకలోని గాడి, ఫోర్కునకు గల పొడుపుపై సరిగా కూర్చుండవలెను. కూర్చుండనిచో బ్రేకు నొక్కగనే పలక తిరిగి తీగ తెగును. వెనుక చక్రమున రెండు వైపుల గీతలు సమముగా నుండవలెను. చైను వదులు పుస్తకమున చెప్పినంత యుండవలెను. పలు చిన్న బండ్లలో ఇది సుమారు రెండు మూడు సెంటీమీటర్లు. బ్రేకు నొక్కిపట్టి ఇరుసు నట్టును బిగించినచో పలక నడుమకు సర్దుకొనును. యినుపపట్టీకి బోల్టు, నట్టు, క్రొత్త పిన్ను, ఈ మూడును పెట్టిన పిదప మఱొకరిచే వానిని చూపింపవలెను. చేసినవాని కంటికి తన తప్పు కనబడదు.

చక్రమును చేత త్రిప్పి, బ్రేకును పలుమాఱు నొక్కి చూచి, మొదట పెరటిలోనే మెల్లగా నడుపవలెను. క్రొత్త టైరు మొదట నున్నగా నుండును; సుమారు నూఱు కిలోమీటర్ల వఱకు వంపులలో జాగ్రత్త వహింపవలెను. ఆ నూఱు కిలోమీటర్ల పిమ్మట నట్లన్నిటిని మరల ఒకసారి చూడవలెను.

ఇంత సామగ్రిని ప్రతి కుటుంబమును కొననక్కఱలేదు. ఏడాదికో రెండేండ్లకో ఒకసారి పనిబడు పానాల పెట్టెను పదిమంది సభ్యులు కలిసి కొని, ఒకరియింట నుంచి, పద్దు వ్రాసి వాడుకొనవచ్చును. ఆ పెట్టెలో స్ప్లిట్ పిన్నుల పొట్లము మాత్రము ఎన్నడును ఖాళీ కారాదు. దాని వెల కొలదిరూపాయలే. అది లేనందున మేము గట్టున పడితిమి, మా సభ్యులెవ్వరును పడరాదనియే ఇంత వ్రాసితిమి.