విశ్వాసం ఎవరి బాకీ? - అమెరికా కాలేజీ ఆటల్లో జీతం, బదిలీ

అమెరికాలో ఇప్పుడొక ఫిర్యాదు గట్టిగా వినపడుతోంది. కాలేజీ ఆటగాళ్ళకి విశ్వాసం లేకుండా పోయిందట. ఎక్కువ డబ్బిచ్చే యూనివర్సిటీ కనపడితే చాలు, ఏడాది తిరక్కుండానే జట్టు మారిపోతున్నారట. ఈ ఫిర్యాదు ఎవరు చేస్తున్నారు, ఎవరి మీద చేస్తున్నారు, ఎప్పట్నుంచి చేస్తున్నారు - ఈ మూడూ చూడకుండా అందులోని న్యాయాన్యాయాలు తేల్చలేం.

ముందు వ్యవస్థ సంగతి చెప్పుకోవాలి. అక్కడ యూనివర్సిటీ ఆటలంటే మన కాలేజీ స్పోర్ట్స్ డే లాంటివి కావు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షమందికి పైగా కూర్చుంటారు. ఈ ఆటల్ని నడిపించే సంస్థ ఎన్.సి.ఎ.ఎ., 1906లో పుట్టింది. ఒక్క బాస్కెట్‌బాల్ టోర్నమెంటు ప్రసార హక్కుల్నే 2010లో 14 ఏళ్ళకి 1,080 కోట్ల డాలర్లకి అమ్ముకుంది. ఆటగాడికి మాత్రం ఫీజు, వసతి, తిండి. అంతకు మించి ఒక్క డాలరు ముట్టుకున్నా ఒకప్పుడు నేరంగా చూసేవాళ్ళు. డబ్బు తీసుకుంటే ఆట మైలపడుతుందనేది వాళ్ళ సిద్ధాంతం. కోచ్ తీసుకున్నా, యూనివర్సిటీ తీసుకున్నా, టీవీ కంపెనీ తీసుకున్నా పడని మైల, ఆడినవాడు తీసుకుంటేనే పడుతుందన్నమాట!

ఈ సిద్ధాంతానికి కాపలాగా ఒక మాటను తయారుచేశారు: 'స్టూడెంట్-అథ్లెట్'. వినటానికి గౌరవంగానే ఉంటుంది. కానీ పుట్టుక వేరు. 1955లో కొలరాడోలో ఒక కాలేజీ ఆటగాడు ఫుట్‌బాల్ ఆడుతూ తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికిచ్చే పరిహారం తనకీ ఇవ్వాలని అతని భార్య కోర్టుకెళ్ళింది. కాలేజీ చేసేది ఫుట్‌బాల్ వ్యాపారం కాదు కాబట్టి పరిహారం రాదని 1957లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇలాంటి కేసుల భయంతోనే, ఆటగాళ్ళని ఉద్యోగులనకుండా 'స్టూడెంట్-అథ్లెట్లు' అనాలని సంస్థ పట్టుబట్టింది. ఆ మాటను ప్రచారంలో పెట్టిన వాల్టర్ బయర్స్ 1951 నుంచి మూడున్నర దశాబ్దాలకు పైగా ఆ సంస్థను నడిపినవాడు. ఆయనే 1995లో పుస్తకం రాసి, ఈ వ్యవస్థను నల్లవాళ్ళు బానిసలుగా పనిచేసిన తోటలతో పోల్చాడు.

ఆ పోలిక ఊరికే రాలేదు. దక్షిణాది పెద్ద యూనివర్సిటీల లీగులో నల్లజాతి యువకుడు మొదటిసారి ఫుట్‌బాల్ ఆడింది 1967లో. అంతకుముందు ఆ మైదానాలు తెల్లవాళ్ళవే. తలుపులు తెరిచాక పరిస్థితి ఏమిటి? డబ్బు తెచ్చే రెండు ఆటలు - ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ - ఎక్కువగా నల్లజాతి పిల్లల శరీరాల మీద నడుస్తున్నాయి. కోచ్‌లు, డైరెక్టర్లు, యూనివర్సిటీ అధ్యక్షుల్లో మాత్రం ఎక్కువమంది తెల్లవాళ్ళే. తలుపు తెరిచింది ఆడటానికే, మాట్లాడటానికి కాదు. 1969 అక్టోబరులో వ్యోమింగ్ యూనివర్సిటీ జట్టులోని 14 మంది నల్లజాతి ఆటగాళ్ళు ఒక సంగతి అడగబోయారు. మోర్మన్ చర్చి నల్లవాళ్ళకి పౌరోహిత్యం నిరాకరిస్తోంది కాబట్టి, ఆ చర్చి యూనివర్సిటీతో జరిగే ఆటలో నల్లపట్టీ కట్టుకోవచ్చా అని. కోచ్ 14 మందినీ జట్టులోంచి తీసేశాడు. యూనివర్సిటీ క్షమాపణ చెప్పటానికి 50 ఏళ్ళు పట్టింది.

'చదువు ఉచితంగా చెప్పిస్తున్నాం కదా, ఇంకేం కావాలి?' అనేది పాత జవాబు. ఇళ్ళల్లో మొదటి తరంగా యూనివర్సిటీ గడప తొక్కి, స్కాలర్‌షిప్ మీద చదువుకున్న మాలాంటి వాళ్ళకి ఈ మాట కొత్తది కాదు. హక్కుగా వచ్చినదాన్ని దానంగా లెక్కగట్టి, ఆ తర్వాత కృతజ్ఞత వసూలు చేసే పద్ధతి మాకు తెలుసు. పోనీ, ఆ చదువైనా సరిగా ఇచ్చారా? 1973 నుంచి దాదాపు నాలుగు దశాబ్దాలపాటు ఆట స్కాలర్‌షిప్ ఒక్క ఏడాదికే ఇచ్చేవాళ్ళు. మరుసటేడు ఇవ్వటమా మానటమా అనేది యూనివర్సిటీ ఇష్టం. అంటే విశ్వాసం ఆటగాడి నుంచి నాలుగేళ్ళు కావాలి, యూనివర్సిటీ ఇచ్చే విశ్వాసం గడువు ఒక్క ఏడాది! నార్త్ కరోలినా యూనివర్సిటీలో 1993 నుంచి 2011 దాకా క్లాసులే జరగని కోర్సులు నడిచాయి. పేరు నమోదు చేసుకుని ఒక పేపరిస్తే మార్కులు. 3,100 మంది విద్యార్థులు వాటిలో చేరితే అందులో సగానికి కాస్త తక్కువమంది ఆటగాళ్ళు. 2014లో విచారణ నివేదిక బయటపెట్టిన సంగతిది. ఆ కోర్సులు నడిపింది ఆఫ్రికన్-అమెరికన్ అధ్యయన విభాగంలో. నల్లవాళ్ళ చరిత్ర చెప్పాల్సిన చోటే నల్లజాతి పిల్లలకి చదువు ఎగ్గొట్టారు.

ఇక బదిలీ. ఆటగాడు జట్టు మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలనేది ఒకప్పటి రూలు. 2018 దాకా, వేరే యూనివర్సిటీతో మాట్లాడాలంటే పాత యూనివర్సిటీ అనుమతి కావాలి. కోచ్‌కి ఇవేమీ లేవు. 2021లో బ్రయన్ కెల్లీ నోటర్‌డామ్ జట్టును వదిలి లూసియానా స్టేట్ యూనివర్సిటీకి పదేళ్ళకి 9.5 కోట్ల డాలర్ల ఒప్పందం మీద వెళ్ళాడు. 2025 అక్టోబరులో ఆ యూనివర్సిటీ ఆయన్ని తీసేసింది. టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ 2023లో తన కోచ్‌ని సాగనంపటానికే 7.5 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వాల్సొచ్చింది. దీన్ని వ్యాపారమన్నారు, వృత్తి అన్నారు. ఆటగాడు కదిలితేనే అది విశ్వాసఘాతుకం. మన ఊళ్ళల్లో జీతగాడు ఆసామిని మారిస్తే 'ఉప్పు తిన్న విశ్వాసం లేదు' అనేవాళ్ళు. ఆసామి జీతగాణ్ణి మారిస్తే ఆ మాట ఎవరూ అనలేదు. రెండు పరిస్థితులూ ఒకటేనని మేము అనటం లేదు. మాట వాడే తీరు ఒకటే అంటున్నాం.

ఈ కట్లు తెగింది దయవల్ల కాదు, కోర్టు కేసులవల్ల. వీడియో గేములో తన బొమ్మ చూసుకున్న మాజీ ఆటగాడు ఎడ్ ఓబానన్ 2009లో కేసు వేసి 2014లో గెలిచాడు. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు 9-0 తీర్పుతో సంస్థను ఓడించింది. ఆ జూలై నుంచి ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి డబ్బు తీసుకోగలిగారు. అదే ఏడాది ఒకసారి, 2024 నుంచి ఎన్నిసార్లయినా, ఏడాది కూర్చోకుండా జట్టు మారే వీలొచ్చింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం 2016 నుంచి ఆడినవాళ్ళకి సుమారు 280 కోట్ల డాలర్ల బకాయి పదేళ్ళలో చెల్లించాలి. ఒక్కో యూనివర్సిటీ మొదటి ఏడాది, అంటే 2025-26లో, దాదాపు 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్ళకి నేరుగా ఇచ్చే వీలొచ్చింది.

ఇందులో నష్టాలు లేవా? ఉన్నాయి. చిన్న యూనివర్సిటీలు తయారుచేసిన ఆటగాణ్ణి పెద్దవి ఎగరేసుకుపోతున్నాయి. బదిలీ కోరి, ఎక్కడా చోటు దొరక్క మిగిలిపోయే పిల్లలున్నారు. బకాయిలో సింహభాగం పురుషులకే పోతోందని మహిళా ఆటగాళ్ళు అడిగేది న్యాయమైన ప్రశ్న. అయితే వీటికి మందు విశ్వాసం మీద ఉపన్యాసాలు కాదు. రెండు వైపులా కట్టిపడేసే ఒప్పందం, దాన్ని బేరమాడే సంఘం కావాలి. సరిగ్గా అక్కడే అడ్డుపడుతున్నారు. నార్త్‌వెస్టర్న్ ఆటగాళ్ళు ఉద్యోగులేనని 2014లో ఒక ప్రాంతీయ లేబర్ అధికారి అంటే, 2015లో లేబర్ బోర్డు ఆ కేసును పక్కన పెట్టింది. 2024 మార్చిలో డార్ట్‌మత్ బాస్కెట్‌బాల్ జట్టు 13-2 ఓట్లతో సంఘం పెట్టుకుంది. కాలేజీ బేరానికి రానంది. ఆ ఏడాది ఆఖర్న సంఘమే పిటిషన్ వెనక్కి తీసుకుంది. 2025 ఒప్పందం డబ్బిచ్చింది గానీ, ఉద్యోగి హోదా ఇవ్వలేదు. అంటే 1957లో ఆ భార్య వేసిన ప్రశ్నకి ఆ ఒప్పందంలోనూ జవాబు లేదు.

విశ్వాసం నిజంగా ఎలా ఉంటుందో చూడాలంటే 2015 నవంబరు మిస్సోరీ యూనివర్సిటీని చూడాలి. జాతి వివక్షను పట్టించుకోని అధ్యక్షుడు దిగిపోవాలని ఒక నల్లజాతి పి.జి. విద్యార్థి నిరాహారదీక్షకు కూర్చున్నాడు. సుమారు 30 మంది నల్లజాతి ఆటగాళ్ళు, ఆయన దిగేదాకా ఆడమన్నారు. ఆ వారం ఆట జరక్కపోతే యూనివర్సిటీకి 10 లక్షల డాలర్ల జరిమానా. రెండ్రోజుల్లో అధ్యక్షుడు రాజీనామా చేశాడు. ఆ పిల్లలకి విశ్వాసం లేదని ఎవరనగలరు? చొక్కా మీది పేరుకి కాదు, తమలాంటి ఇంకొకడి ప్రాణానికి వాళ్ళు కట్టుబడ్డారు. అక్కడి పెద్దలకి నచ్చనిది విశ్వాసం తగ్గటం కాదు, అది దిక్కు మార్చుకోవటం.