రాయల కవచానికి ప్లస్ స్క్రూలా!

చంద్రగిరి కోట చూసొచ్చిన ఉత్సాహంలో పిల్లాడికి విజయనగర సైనికుడి వేషం వేద్దామనుకుంటున్నారా? కత్తి అట్టదైనా ఫర్వాలేదు... ముందు కవచం మీది మేకులు చూడండి. అక్కడ ప్లస్ గుర్తు స్క్రూ మెరిసిందా, వేషం తేలిపోయినట్టే! ఆ స్క్రూ 1930ల నాటిది. స్టెయిన్‌లెస్ స్టీలూ ఇరవయ్యో శతాబ్దపుదే. తేలిగ్గా ఉంటుందని వాడే అల్యూమినియాన్ని తొలిసారి తయారుచేసిందే 1825లో.

మరి రాయల సైన్యం ఏం తొడిగేది? 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వివరంగా రాశాడు. రౌతుల అంగీలు పైకి పట్టు, మఖమల్. లోపల పొరలు పొరలుగా గట్టి పచ్చితోలు, దానికి ఇనుప రేకులు. కొందరి రేకులకు బంగారు పూత, కొందరివి వెండివి. మెడను కప్పే అంచులతో శిరస్త్రాణాలు. అంటే ఇనుప డబ్బాలో దిగినట్టుండే యూరప్ కవచం మనది కాదన్నమాట.

ఆ తర్వాతి కాలానివి మ్యూజియాల్లో ఉన్నాయి. గుడ్డ మీద వరసగా ఇత్తడి మేకులు, లోపల రేకులు. 'వెయ్యి మేకుల కోటు' అనే పేరే ఉంది వాటికి!

కాబట్టి గుండ్రటి తల ఇత్తడి రివెట్లు తీసుకోండి. వెనకవైపు వాషర్ పెట్టి సుత్తితో అణచండి. తోలు పట్టీకి ఇత్తడి బకిల్ చాలు, వెల్క్రో వద్దు. కొత్త ఇత్తడి మరీ మెరుస్తోందా? నాలుగు నెలలు చింతపండు తగలనివ్వకండి.